ఎర్రని లేతాకుల హవాయి ఫెర్న్: సాడ్లేరియానా, సిబోటియమా?

వృక్షప్రియ (ప్రశ్న):
హవాయిలోని కిలౌయా అగ్నిపర్వత ప్రాంతపు ఛాయాచిత్రాలలో, గడ్డకట్టిన నల్లని లావా పగుళ్లలోంచి లేచిన ఒక ఫెర్న్ తరచుగా కనిపిస్తోంది. దాని లేతాకులు రాగిరంగులో ఉన్నాయి. కొందరు దానిని సాడ్లేరియా అనీ, మరికొందరు సిబోటియం అనీ రాస్తున్నారు. ఈ రెండింటినీ ఎలా వేరుచేయాలి? మట్టే లేని చోట అది ఎలా బతుకుతుంది?

పత్రహరితం:
మీరు వర్ణించినది బహుశా సాడ్లేరియా సయాథియాయిడిస్ కావచ్చు. స్థానికులు దానిని అమఉ అంటారు. సాడ్లేరియా ప్రజాతి మొత్తం హవాయి దీవులకే పరిమితం. అయితే రంగును మాత్రమే నమ్ముకోకండి, ఆకు ముదిరేకొద్దీ ఆ ఎరుపు పోయి పచ్చబడుతుంది. ఆకు కాడ మొదలు చూడండి: సాడ్లేరియాకు అక్కడ గోధుమరంగు పొలుసులు ఉంటాయి, సిబోటియంకు పట్టులాంటి నూగు ఉంటుంది. ఆ నూగును 19వ శతాబ్దంలో ‘పులు’ అనే పేరుతో దిండ్లలో, పరుపులలో కూరడానికి ఎగుమతి చేసేవారు. కొన్నేళ్లకే అది పొడిపొడి అయిపోయేదట, కొన్నవారి అవస్థ ఊహించుకోవచ్చు. ఆకును తిరగేసి చూడగలిగితే ఇక సందేహమే ఉండదు. సాడ్లేరియాలో చిట్టి ఆకుల నడిమి ఈనెను ఒరుసుకుంటూ, దానికి రెండువైపులా, సిద్ధబీజాశయాలు (ఫెర్న్‌లకు విత్తనాల బదులుండే సిద్ధబీజాల సంచులు) సన్నని గీతల్లా సాగుతాయి. సిబోటియంలో అవి ఆకు అంచున చిన్న చిప్పలలో ఒదిగి ఉంటాయి.

శిలాజీవి:
రెండో ప్రశ్నకు నా సమాధానం. ధూళికణాలంత తేలికైన సిద్ధబీజాలు గాలికి కొట్టుకువచ్చి లావా పగుళ్లలో చిక్కుకుంటాయి. పైన రాయి ఎండకు మాడుతున్నా, పగులు లోపల నీడా, వాననీటి తడీ నిలుస్తాయి కాబట్టి మొలక అక్కడ నిలదొక్కుకుంటుంది. కొత్త లావాలో అసలు కొరత నత్రజనిదే. స్టీరియోకాలన్ అనే బూడిదరంగు లైకెన్ (శిలీంధ్రం, శైవలాల వంటివి కలిసి బతికే జీవి) గాలిలోని నత్రజనిని స్థిరీకరించి, అంటే మొక్కలు వాడుకోగల రూపంలోకి మార్చి, ఆ కొరతను కొంత తీరుస్తుంది. ఓహియా చెట్లతో పాటు ముందుగా అక్కడికి చేరే మొక్కలలో అమఉ ఒకటి. లేతాకులకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు తీక్షణమైన ఎండ నుంచి కణజాలాన్ని కాపాడతాయని సాధారణంగా వివరిస్తారు.

వృక్షప్రియ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా దగ్గరున్న చిత్రాలన్నీ పైనుంచి తీసినవే. కాడ మొదలు గానీ, ఆకు అడుగు గానీ కనిపించడం లేదు.

పత్రహరితం:
అలాగైతే ఆకు చీలికలను చూడండి. సిబోటియం ఆకు సాధారణంగా మూడు అంచెలుగా చీలి, అల్లికలా కనిపిస్తుంది. సయాథియాయిడిస్ ఆకు చీలిక రెండు అంచెలతోనే ఆగిపోతుంది, ఆకు కూడా తోలులా మందంగా ఉంటుంది. ఎత్తూ కొంత ఆధారమే, ఎందుకంటే సిబోటియం మాను మనిషిని మించి పెరగగలదు, అమఉ మాను సాధారణంగా అంతకంటే పొట్టిగానే ఉంటుంది. లేత సిబోటియం కూడా పొట్టిదే కనుక, ఎత్తు కంటే చీలికలకే ఎక్కువ విలువ ఇవ్వండి.