ఒళ్ళు తుడిచేటప్పుడు నాన్న ముఖం గోడవైపు తిప్పుకుంటున్నారు

పెద్దకూతురు:

మా నాన్నగారికి 71 ఏళ్ళు. 34 ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశారు. ఆరు వారాల క్రితం పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు దెబ్బతిని కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. కానీ మేము అనేది చాలావరకు అర్థమవుతోంది. నిన్న తమ్ముడు మందుల లెక్క తప్పు చెబితే ఎడమ చేతి వేళ్ళతో సరిచేశారు.

ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజుల్లో ఆయన పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. "పద్నాలుగో మంచం" అనేవారు. రౌండ్స్‌కు వచ్చినవాళ్ళు ఆయన పక్కనే నిలబడి, ఆయనకు విరేచనం అయిందా అని నన్ను అడిగేవారు. ఒకరోజు తెర వేయకుండానే డైపర్ మార్చారు. నాన్న దుప్పటి అంచును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకొని వదలలేదు. నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అది నన్ను ఇంకా తొలుస్తూనే ఉంది.

ఇప్పుడు ఇంట్లో ఆ పనులన్నీ నేనే చేస్తున్నాను. గుడ్డ తడపగానే ఆయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటారు. మొన్న బంధువులు వచ్చినప్పుడు "నాన్న చిన్నపిల్లాడైపోయారు" అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆ రోజంతా ఆయన నావైపు చూడలేదు.

శుభ్రం చేయక తప్పదు. ఆయన్ని చిన్నబుచ్చకుండా ఎలా చేయాలి? నేను తప్పుకొని ఎవరినైనా పనికి పెట్టాలా?

రాత్రిడ్యూటీ:

అమ్మా, నేను 22 ఏళ్ళుగా నర్సుని. అందులో తొమ్మిదేళ్ళు పక్షవాతం వార్డులోనే గడిచాయి. ముందు ఆ తెర సంగతి చెబుతాను. అది మా తప్పు, మీది కాదు. తెర లాగడానికి అయిదు సెకన్లు చాలు. ఎంత పని ఉన్నా ఆ అయిదు సెకన్లు మా దగ్గర ఉంటాయి. ఇంకెప్పుడైనా అలా జరిగితే "తెర వేయండి సిస్టర్" అని గట్టిగానే అడగండి.

రెండోది, "చిన్నపిల్లాడు" అన్న మాట. నాన్నగారికి వచ్చినదాన్ని అఫేసియా అంటారు. మాట పోతుంది, మతి పోదు. పసిబిడ్డకు సిగ్గు తెలియదు, ఆయనకు తెలుసు. ఆ మాటకు ఆయన ఎదురుగా కూర్చొని క్షమాపణ చెప్పండి. తిరిగి బదులివ్వలేని మనిషికి క్షమాపణ ఎందుకని మనకు అనిపిస్తుంది. సరిగ్గా అందుకే చెప్పాలి.

ఇక ఒళ్ళు తుడవడం. గిన్నె, గుడ్డలు, పొడి బట్టలు అన్నీ దగ్గర పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. మధ్యలో ఏదో తేవడానికి మీరు లేచి వెళితే, ఆయన బట్టలు లేకుండా ఎదురుచూస్తూ పడుకోవాలి. నా దృష్టిలో అంతకంటే అవమానం లేదు. తలుపు వేయండి. ఒంటిమీద పెద్ద తువ్వాలు కప్పి, తుడిచే భాగం వరకే తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ కప్పండి. ముఖంతో మొదలుపెట్టి మర్మాంగాలు చివర్లో తుడవాలి, అప్పుడు నీళ్ళు మార్చాలి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన కుడి చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. ఆ చేయి పట్టుకొని మాత్రం ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారుతుంది.

ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి ఆగండి. చాలామంది చెబుతారు, ఆగరు. "ఇప్పుడు పక్కకు తిప్పుతాను నాన్నా" అన్నాక ఆయన కళ్ళతోనో చేత్తోనో సరేననే దాకా ఆగండి. అఫేసియాలో అవును, కాదు తారుమారవుతుంటాయి, కాబట్టి వస్తువులు చూపించి అడగండి. రెండు చొక్కాలు పట్టుకుంటే ఒకటి ఆయనే ఎంచుకుంటారు.

ఎడమ చేయి బాగానే ఉంది కదా, తడిగుడ్డ ఆ చేతికే ఇవ్వండి. అందినంత మేర ఆయనే తుడుచుకుంటారు. ఆలస్యం అవుతుంది, నీళ్ళు ఒలుకుతాయి. కానివ్వండి.

పేరు సంగతి నాకూ బాధే. ఇంగ్లండ్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టరు క్యాన్సర్‌తో తానే రోగిగా ఆసుపత్రిలో చేరినప్పుడు, తన దగ్గరకు వచ్చేవారిలో చాలామంది తామెవరో కూడా చెప్పడం లేదని గమనించారు. "నమస్కారం, నా పేరు ఫలానా" అని పరిచయం చేసుకొనే పద్ధతి కోసం 2013లో ఉద్యమం మొదలుపెట్టారు. 2016లో చనిపోయారు. ఆవిడ గురించి చదివాక నేను పేరు చెప్పుకోకుండా ఏ మంచం దగ్గరకూ వెళ్ళలేదు. అంతకుముందు పదిహేనేళ్ళూ ఆ పని చేయలేదు, అదీ చెప్పాలి.

కెనడాకు చెందిన మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ రోగులను ఒక ప్రశ్న అడగమంటారు: మిమ్మల్ని బాగా చూసుకోవాలంటే, మనిషిగా మీ గురించి మేము ఏం తెలుసుకోవాలి? జవాబును మీరు ఒక కాగితం మీద రాయండి. పిలవాల్సిన పేరు, 34 ఏళ్ళు లెక్కలు చెప్పారన్న సంగతి, మాట రాకపోయినా అన్నీ అర్థమవుతాయన్న సంగతి. గోడకు అంటించే ముందు ఆయనకు చూపించి ఒప్పుకుంటేనే అంటించండి.

గోడవైపు తిరగడం రోజంతా ఉంటే, నిద్ర తగ్గితే డాక్టరుకు చెప్పండి. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి కుంగుబాటు వస్తుంది. దానికి మందులున్నాయి.

చక్రాలకుర్చీ:

వెన్నెముక దెబ్బతిని పది నెలలు మంచం మీదే ఉన్నాను. సిస్టర్ గారు చెప్పినదాంట్లో నాకు ఒక్కటే తేడా. ప్రతి కదలికకూ ముందు మాట చెబుతుంటే నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. "ఇప్పుడు ఇక్కడ తుడుస్తాను" అని వినడం కంటే మొదట్లో ఒకసారి చెప్పి, తర్వాత నిశ్శబ్దంగా చేసేస్తే బాగుండేది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నన్ను మధ్యలో పెట్టుకొని ఇద్దరు దుప్పటి మారుస్తూ సెలవుల గురించి మాట్లాడుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. నేల తుడిచే ఒకాయన నా కళ్ళజోడు జరిపే ముందు "జరపనా?" అని అడిగిన రోజూ గుర్తుంది.

మనిషిని పెట్టడం గురించి నాన్నగారినే అడగండి. కొందరికి సొంత బిడ్డల కంటే కొత్త మనిషి చేతులే తేలిక. నాకు అలాగే ఉండేది. మా అమ్మ ఎంత నొచ్చుకుందో తెలుసు, అయినా అదే నిజం.

పెద్దకూతురు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయిదు రోజులు ఆగి రాస్తున్నాను.

క్షమాపణ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన నా చేతిమీద రెండుసార్లు తట్టారు.

తమ్ముడి ఫొటో, నా ఫొటో, ఖాళీ కాగితం ముందు పెట్టి డైపర్ ఎవరు మార్చాలని అడిగాను. ఖాళీ కాగితం మీద వేలు పెట్టారు. తప్పుగా చూపించారేమోనని వాటి చోట్లు మార్చి మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. ఒకాయన రేపటినుంచి వస్తున్నారు. నొచ్చుకోలేదని అనను.

ఈరోజు పొద్దున గుడ్డ పిండి ఎడమ చేతికి ఇచ్చాను. ముఖం, మెడ తుడుచుకున్నారు. తర్వాత తలుపువైపు చూపించారు. బయటకు వెళ్ళి నిలబడ్డాను. చాలాసేపటికి మంచం కమ్మీ మీద తట్టిన చప్పుడు వినిపించింది. లోపలికి వెళితే పక్క తడిసిపోయింది, కాళ్ళ దాకా అందలేదు. "మిగతాది నేను తుడవనా?" అని అడిగి ఆగాను. కాసేపటికి గుడ్డ నావైపు చాచారు. ముఖం ఇటువైపే ఉంది.