లేఆఫ్ ప్యాకేజీ మీద సంతకం పెట్టే ముందు లాయర్‌ని కలవాలా?

అందరికీ నమస్తే. డాలస్‌లో ఉంటాను, వయసు 54, గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి వీసా టెన్షన్ లేదు. మా డిపార్ట్‌మెంట్‌లో చాలామందిని ఒకేసారి తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. ప్యాకేజీ కావాలంటే వయసు వివక్ష కేసు వెయ్యనని సంతకం పెట్టాలి. కాగితాలతో పాటు ఎవరిని తీశారో, ఎవరిని ఉంచారో హోదాలు, వయసులతో ఒక జాబితా ఇచ్చారు (పెద్ద వయసు ఉద్యోగుల రక్షణకు అమెరికాలో చేసిన 1990 చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే, వాళ్ల మంచితనమేం కాదు). చూస్తే పోయినవాళ్లలో ఎక్కువమంది 50 దాటినవాళ్లే, పైగా మా మేనేజర్ ఎప్పటినుంచో ప్రతి మీటింగ్‌లో యంగ్ టీమ్ కావాలి, ఎనర్జీ కావాలి అంటూనే ఉన్నాడు.

ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే 1967 చట్టం 40 ఏళ్లు, ఆ పైబడినవాళ్లకు వర్తిస్తుందని, ఇలా గుంపుగా తీసేస్తే ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక కూడా రద్దు చేసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలని తెలుసు. నాకు కావాల్సింది అనుభవం ఉన్నవాళ్ల మాట. ఈ జాబితా చూపించి ప్యాకేజీ పెంచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అడిగితే ఇస్తానన్నది కూడా ఇవ్వకుండా పోతారా? లాయర్లు గంటల లెక్కన తీసుకుంటారా, వచ్చినదాంట్లో వాటానా? ముందు ఈఈఓసీలో (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు పెట్టాలా, లాయర్ దగ్గరికే వెళ్లాలా?