కోడిపందేలకు ఏ నేర సిద్ధాంతం సరిపోతుంది?

ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు కోసం కోనసీమ సంక్రాంతి పందేల మీద రాస్తున్నాను. భోగి నుంచి కనుమ దాకా అమలాపురం దగ్గర ఒక ఊళ్లో బరి పక్కనే ఉండి చూశాను. తర్వాత 14 మందితో విడివిడిగా మాట్లాడాను. రెండు వారాలుగా విశ్లేషణ దగ్గర ఆగిపోయాను.

ముందు సోషియాలజిస్టు మెర్టన్ (1938) సిద్ధాంతాన్ని తీసుకున్నాను. డబ్బు ఆశ అందరికీ ఉండి, సరైన దారి కొందరికే ఉంటే మిగతావాళ్లు అడ్డదారి తొక్కుతారంటాడు. బరి దగ్గర గుండాట అనే జూదంలో కూలి డబ్బులు పెట్టిన కుర్రాళ్లకు ఇది కొంత కుదిరింది. కానీ పెద్ద పందేలు కాసింది కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు ఉన్న ఆసాములు.

హిర్షీ (1969) అయితే పూర్తిగా అడ్డం తిరిగాడు. కుటుంబంతో, సమాజంతో బంధం గట్టిగా ఉంటే నేరం జోలికి పోరని ఆయన వాదన. ఇక్కడ ఆ బంధమే లాక్కొస్తోంది. పండక్కి వచ్చిన కొత్తల్లుణ్ణి మామగారే దగ్గరుండి బరికి తీసుకెళ్తున్నారు!

దగ్గరివాళ్ల నుంచే నేర్చుకుంటారన్న సదర్లాండ్ మాట బాగా సరిపోయింది. అయితే పందేలను నేరంగా చూసే 1974 గేమింగ్ చట్టం సంగతి తెలిసి కూడా 11 మంది "సంప్రదాయమండీ, నేరమేంటి" అన్నారు. దీనికి సైక్స్, మట్జా (1957) దగ్గరగా ఉన్నారు. కానీ వాళ్లు చెప్పింది తప్పు చేస్తున్నామన్న భావాన్ని అణచుకునే తీరు గురించి. నాకు అసలు ఆ భావమే కనిపించలేదు.

ఒక్క సిద్ధాంతమే పునాదిగా ఉండాలని గైడ్ గారు గట్టిగా చెప్పారు. 20వ తేదీలోపు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పన్న భావనే లేనిచోట సదర్లాండ్‌ను పునాదిగా పెట్టుకోవాలా, సైక్స్–మట్జానా?