మేనల్లుడు ఐస్ హాకీ ఫార్వర్డ్ అవుతానంటున్నాడు, విజయనగరంలో ఉండి ఎలా మొదలుపెట్టాలి?

కోట జంక్షన్:
మా మేనల్లుడికి 13 ఏళ్లు, 42 కిలోలు. విజయనగరంలోనే మూడేళ్లుగా రోలర్ స్కేటింగ్ చేస్తున్నాడు, స్పీడ్ స్కేట్స్ మీద. ఇప్పుడు ఐస్ హాకీలో ఫార్వర్డ్ (ముందుండి గోల్ కొట్టే ఆటగాడు) అవుతానని పట్టు పట్టాడు. మంచు లేని ఊళ్లో ఏం నేర్పించాలి, ఏం కొనాలి? పెద్దయ్యాక ఈ ఆటనే నమ్ముకుని బతకగలడా? ఉన్నదున్నట్టు చెప్పండి, వాడికి చదివి వినిపిస్తాను.

నాగావళి గట్టు:
అన్నా, ముందు ఆ స్పీడ్ స్కేట్స్ పక్కన పెట్టించండి. వాటి బూటు చీలమండ దగ్గరే ఆగిపోతుంది, చక్రాలు 100, 110 మిల్లీమీటర్లుంటాయి. తిన్నగా దూసుకెళ్లడానికి బాగుంటాయి గానీ ఫార్వర్డ్ తిన్నగా వెళ్లేది తక్కువ. ఆగడం, తిరగడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇదే వాడి పని. ఇన్‌లైన్ హాకీ స్కేట్స్ తీసుకోండి: చీలమండ పైదాకా గట్టి బూటు, ఒకే వరసలో 72 నుంచి 80 మిల్లీమీటర్ల చక్రాలు నాలుగు. సిమెంటు గచ్చు మీదైతే చక్రం గట్టిదనం 82ఏ, 84ఏ ఉండాలి (అంకె పెరిగేకొద్దీ గట్టి). 74ఏ, 76ఏ అన్నవి ఇండోర్ టైల్ కోర్టులకు. మన గరుకు గచ్చు మీద అవి ఇట్టే అరిగిపోతాయి.

ఎదిగే గుంటడని రెండు సైజులు పెద్దవి కొనకండి. హాకీ స్కేటు మామూలు బూటు కన్నా 1 లేదా 1.5 సైజు చిన్నదే పడుతుంది. నిలబడితే వేళ్లు ముందు అంచుకు తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్లు వంచితే మడమ వెనక్కి ఒదిగి వేళ్లు వదులవ్వాలి. లేస్ కట్టాక మడమ లోపల లేస్తుంటే ఆ జత వద్దు. చీలమండ లోపలికి పడిపోతుంది, కాలు తోసే బలం సగం బూటులోనే పోతుంది.

గచ్చు మీద నేర్చుకున్న తోపు, క్రాసోవర్ (మలుపులో కాలి మీదుగా కాలు వెయ్యడం), వెనక్కి స్కేటింగ్ చాలావరకు మంచు మీద పనికొస్తాయి. ఆగడం మాత్రం రాదు. చక్రం నేలను పట్టేస్తుంది, బ్లేడ్ అడ్డంగా జారుతూ మంచును గీకుతుంది. బ్లేడ్ అడుగు చదునుగా ఉండదు, మధ్యలో సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆగాలంటే ఒక్క క్షణం ఒంటి బరువు పైకి తేల్చి, నడుము 90 డిగ్రీలు తిప్పి, మోకాళ్లు బాగా వంచి, ముందు కాలి లోపలి అంచు, వెనక కాలి బయటి అంచు మీద క్రమంగా బరువు వెయ్యాలి. కొత్తవాళ్లు బరువు తేల్చకుండానే తిప్పేస్తారు. అంచు మంచులో దిగబడుతుంది, వెళ్తున్న వైపుకే పడతారు. మంచు దొరికిన మొదటి రోజంతా రెండు వైపులా ఇదొక్కటే చేయించండి. ఒక వైపే ఆగగలిగినవాడు ఫార్వర్డ్‌గా పనికిరాడు.

ఆ గాడిని వ్యాసార్థంతో చెబుతారు. వాడి బరువుకి అర అంగుళం చాలు. 5/8 అంగుళం పెడితే గాడి లోతు తగ్గి జారుడు బాగుంటుంది గానీ తేలిక ఒంటికి పట్టు చాలదు. ఆట అయ్యాక బ్లేడ్ పొడిగుడ్డతో తుడవాలి, నడవడానికి వాడే ప్లాస్టిక్ గార్డు తొడిగి సంచిలో పెట్టెయ్యకూడదు. లోపల చెమ్మ ఉండిపోతుంది, మన సముద్రపు గాలికి అంచు తుప్పు పట్టేస్తుంది.

కోట జంక్షన్:
చాలా థాంక్స్ తమ్ముడూ. స్టిక్ సంగతేటి? ఇక్కడ దొరికే మామూలు హాకీ కర్రతో మొదలుపెట్టొచ్చా?

అరసవిల్లి:
వద్దండి. ఫీల్డ్ హాకీ కర్రకు ఆడే ముఖం ఒక్కటే, అందరిదీ కుడిచేతి వాటమే. ఐస్ హాకీ స్టిక్‌కి రెండు ముఖాలతోనూ ఆడతారు, కుడి ఎడమ వాటాలు వేరుగా వస్తాయి. కుడిచేత్తో బ్యాటింగ్ చేసే పిల్లాడికి ఎడమ చేయి పైనుంటుంది, అలా పట్టుకుంటే వాడికి కుడి వాటం స్టిక్. కానీ పక్‌ని (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తిప్పేది పై చేయే. అందుకని చాలామంది బలమైన చేతిని పైన పెట్టుకుంటారు. రెండు రకాలూ పట్టించి చూడండి, ఏది హాయిగా ఉంటే అది. ఒకసారి అలవాటైతే మార్చడం కష్టం.

పొడవు: స్కేట్స్ లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్స్ మీద గడ్డం దాకా. వంపు బలాన్ని ఫ్లెక్స్ అంటారు, ఒంటి బరువు పౌండ్లలో ఎంతో అందులో సగం. 42 కిలోలంటే 92 పౌండ్లు, కాబట్టి 45, 50 మధ్య. పెద్దవాళ్ల 75 ఫ్లెక్స్ స్టిక్ కొని పైన కోసి ఇవ్వడం చాలామంది చేసే తప్పు. కోసేకొద్దీ అది ఇంకా బిర్రుగా తయారవుతుంది. పిల్లాడు ఎంత నొక్కినా వంగదు, షాట్‌కి ఊపు రాదు, చేతులతో తోయడం అలవాటవుతుంది.

పక్ 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాములు. సిమెంటు మీద అంచుపై లేచి దొర్లుతుంది. ఇల్లు కట్టేచోట మిగిలిన నునుపు గ్రానైట్ పలక, 2 అడుగులు బై 4 అడుగులు, పెరట్లో పరిచి దాని మీద ఆడించండి. సిమెంటు మీదకన్నా బాగా జారుతుంది. తల పైకెత్తి ఆడమనండి. పక్ వైపు చూస్తూ పోయేవాడే మ్యాచ్‌లో గుద్దించుకుంటాడు.

ఆమదాలవలస మాస్టారు:
బాబూ, బతుకుతెరువు సంగతి నేను చెబుతాను. మ్యాచ్‌కి సాధారణంగా 12 మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి నాలుగు లైన్లు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ వింగర్లు. ఒక్కో షిఫ్ట్, అంటే ఒకసారి మంచు మీదికి దిగి ఆడే సేపు, 45 సెకన్ల ప్రాంతం. నిమిషం దాటి మంచు మీద ఉంటే కాళ్లు బరువెక్కుతాయి, వెనక్కి పరిగెత్తలేరు, గోల్ పడేది అప్పుడే. పై రెండు లైన్లు గోల్స్ కోసం. కింది లైన్లలో చోటు నిలబెట్టుకునేవాడు ఫేసాఫ్‌లు (ఆట మొదలుపెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) గెలిచి, షాట్లకు అడ్డం పడి, పెనాల్టీ పడి జట్టులో ఒక మనిషి తక్కువైనప్పుడు కాపాడి జీతం సంపాదిస్తాడు. ఎక్కువమంది కెరీర్ అక్కడే గడుస్తుంది.

అమెరికా, కెనడాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకోవడం, 7 రౌండ్లు, 224 మంది. 18 నుంచి 21 ఏళ్లలో సంతకం చేస్తే మొదటి ఒప్పందం 3 ఏళ్లు. అది టూ వే (రెండు లీగులకు రెండు జీతాలు) అయితే కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌కి పంపినప్పుడు జీతం బాగా తగ్గుతుంది. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. నచ్చిన జట్టుకు స్వేచ్ఛగా వెళ్లే హక్కు సాధారణంగా 27 ఏళ్లకో, 7 సీజన్లకో వస్తుంది. ఫార్వర్డ్ వేగం ఆపాటికే శిఖరం మీద ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క ఒప్పందమే జీవితంలో పెద్దది.

ఎండ ప్రాంతం అడ్డు కాదు. ఆస్టన్ మాథ్యూస్ అరిజోనా ఎడారిలో పెరిగి 2016 డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు, తొలి మ్యాచ్‌లోనే 4 గోల్స్ కొట్టాడు. అయితే అక్కడ ఏడాది పొడవునా ఇండోర్ మంచు ఉంది, తేడా అదే. పొట్టివాడని దిగులు పడొద్దు: 5 అడుగుల 8 అంగుళాల మార్టిన్ సెయింట్ లూయీని ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, 2003-04లో 94 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు.

మన దేశం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఐఐహెచ్‌ఎఫ్‌లో 1989 నుంచి సభ్యదేశం. ఆట ప్రాణమంతా లద్దాఖ్‌లోనే ఉంది. అక్కడి ఆటగాళ్లలో చాలామందికి సైన్యం, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జట్లే ఉద్యోగం, ఆట రెండూ. 2025లో మన అమ్మాయిలు ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు. ఇక్కడినుంచి నిజంగా కనబడే దారి అది: ఇన్‌లైన్ హాకీలో రాష్ట్ర జట్టు, మంచు మీద శిక్షణ శిబిరాలు, జాతీయ పోటీలు, ఆపైన స్పోర్ట్స్ కోటా.

నాగావళి గట్టు:
మాస్టారు చెప్పింది నిజం. శిబిరాలకు డెహ్రాడూన్ హిమాద్రి రింక్ (ఇండోర్ మంచు మైదానం) ఉంది, 2011లో కట్టారు, చాలా ఏళ్లు మూతబడి 2025లో మళ్లీ తెరిచారు. టికెట్లు తీసే ముందు ఫోన్ చేసి తేదీలు ఖాయం చేసుకోండి. లేహ్‌లో సహజమైన మంచు డిసెంబర్ చివర్నుంచి ఫిబ్రవరి దాకా ఉంటుంది. అది 3,500 మీటర్ల ఎత్తు, విమానం దిగాక రెండు రోజులు స్కేట్స్ తొడగనివ్వకండి. తలనొప్పి, వాంతులు ఉంటే మూడో రోజూ ఆగాలి.