పిల్లల ఫైలు అధికారులందరికీ కనిపించాలా?

విశ్రాంత ఉద్యోగి (మలక్‌పేట): సంరక్షణ అవసరమైన పిల్లల గురించి బాలల సంక్షేమ సమితి (ఇలాంటి పిల్లల సంరక్షణపై నిర్ణయం తీసుకునేది), హోమ్, పోలీసులు విడివిడిగా రాసుకునే వివరాలన్నీ కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య పోర్టల్‌లో ఒకే ఫైలుగా సంబంధిత అధికారులందరికీ కనిపించాలని నా వాదన. సికింద్రాబాద్ స్టేషన్‌లో దొరికిన పిల్లవాడు తన ఊరి పేరు ఎంతమందికి చెప్పాలి?

న్యాయవాది (నాంపల్లి): 'అందరికీ' అన్నదానితోనే నాకు పేచీ. 2015 బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం పిల్లల గుర్తింపును వెల్లడిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

విశ్రాంత ఉద్యోగి: ఆ సెక్షన్ పత్రికలు, ప్రసార మాధ్యమాల వంటి వాటి గురించి రాసినది, ఒక అధికారి మరో అధికారికి ఫైలు చూపడం గురించి కాదు.

న్యాయవాది: అదే చట్టం 3వ సెక్షన్‌లో గోప్యతను మూలసూత్రంగా పెట్టింది, అదీ చదవండి.

పాఠకుడు (ఉప్పల్): 2018లో మన పోలీసులు తెచ్చిన దర్పణ్ యాప్ హోమ్‌లలోని పిల్లల ఫొటోలను తప్పిపోయిన వారి ఫొటోలతో పోల్చేది. వివరాలు కలవకపోతే అది సాధ్యమయ్యేదా?

పిన్ని (అంబర్‌పేట): ఫొటో కలవడం వేరండీ, మాట నిలిచిపోవడం వేరు. మా అక్క కొడుకును ఒక హోమ్‌లో ఉంచినప్పుడు, రాత్రి డ్యూటీలు చేసే అక్క ఒక్క విచారణకు రాలేకపోయిందని 'తల్లికి శ్రద్ధ లేదు' అని రాశారు. తర్వాత వచ్చిన ప్రతి అధికారీ ఆ వాక్యాన్నే ఎత్తి రాశారు గానీ, ఇంటికి వచ్చి అడిగినవారు లేరు.

విశ్రాంత ఉద్యోగి: ఒక్క అనుభవంతో వ్యవస్థనంతా దోషిగా నిలబెట్టడం ఇప్పుడు అలవాటైపోయింది.

కేస్ వర్కర్ (యూసఫ్‌గూడ): సార్, కోపం ఎందుకు? పిల్లల ఇంటి పరిస్థితులను తెలుసుకునే సామాజిక విచారణ 15 రోజుల్లో ముగించాలని చట్టం అంటుంది. చేతిలో ఉన్న కేసులకు ఆ గడువు చాలక పాత నివేదికనే దించేసేవారిని నేను చూశాను. ఫైలు ఒక్కటైతే ఆ తప్పు మరింత దూరం ప్రయాణిస్తుంది.

విశ్రాంత ఉద్యోగి: అందుకని ఇంటివాళ్లకు దిద్దే హక్కు ఇస్తారా? కొట్టిన తండ్రి కూడా దిద్దుకుంటాడు.

పిన్ని: దిద్దమని ఎవరడిగారండీ? మా అక్క చెప్పినదాన్ని, పిల్లవాడు చెప్పినదాన్ని కూడా తేదీ వేసి ఆ వాక్యం పక్కన రాయమంటున్నాను.

విశ్రాంత ఉద్యోగి: పిల్లవాడి మాట రాయవచ్చు, రాయాలి కూడా. తల్లిదండ్రుల మాటను మాత్రం సమితి విచారించకుండా ఫైలులో చేర్చడానికి నేను ఒప్పుకోను.

న్యాయవాది: 'శ్రద్ధ లేదు' అన్న మాటను ఏ సమితి విచారించి చేర్చిందో ముందు అది చెప్పండి సార్.