హేమలతా లవణం వర్ధంతికి జోగిని డ్యాన్స్ పెట్టొచ్చా? ఊళ్లో రెండు వర్గాలయ్యాం

మంజీర_గట్టు
మాది నిజామాబాద్ జిల్లా, వర్ని వైపు. మార్చి 19న హేమలతా లవణం వర్ధంతి. ఈసారి యూత్ అంతా కలిసి కాస్త పెద్దగా చేద్దామనుకున్నాం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆమె కవి గుర్రం జాషువా కూతురు, 1932లో వినుకొండలో పుట్టారు. స్టువర్టుపురంలో దొంగలని ముద్రపడిన కుటుంబాల మధ్య ఏళ్లపాటు పనిచేశారు. 1980ల్లో మా జిల్లాకొచ్చి, ఎల్లమ్మ లాంటి దేవత పేరున ఆడపిల్లను ఊరి మగవాళ్ల పాలు చేసే జోగిని ఆచారం మీద పోరాడారు, ఆ ఆడవాళ్ల కోసం వర్నిలో 'చెల్లి నిలయం' పెట్టారు. ఆడపిల్లను దేవతకు ఇవ్వడం నేరమంటూ 1988లో వచ్చిన చట్టం వెనక ఆమె కష్టం చాలా ఉంది. 2008లో పోయారు.

ప్రోగ్రాంలో పది నిమిషాల షార్ట్ ఫిల్మ్, డప్పు మీద ఒక పాట, ఆ పాటకు హైస్కూల్ పిల్లల డ్యాన్స్ ఉన్నాయి. గొడవంతా డ్యాన్స్ దగ్గరే. మొదటి చరణంలో తొమ్మిదో తరగతి అమ్మాయి జోగిని వేషంలో, ముఖానికి పసుపు, మెడలో ముత్యాల దండ, చేతిలో వేపమండలతో ఆడుతుంది. రెండో చరణంలో ఖద్దరు చీర కట్టిన ఇంకో అమ్మాయి హేమలత గారిలా వచ్చి ఆ దండ తీసేస్తుంది. రిహార్సల్ చూడ్డానికొచ్చిన మా చిన్నమ్మ "ఆ దండ ఎవరి మెడలో వెయ్యొద్దు" అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి సగం మంది అటు, సగం మంది ఇటు. మీరేమంటారు?

డప్పుల_మల్లన్న
పాట లేకుంట మన దగ్గర ఏ ఉద్యమం నడిచింది తమ్మీ? దళితుల కోసం కొట్లాడిన భాగ్యరెడ్డి వర్మ 1906ల హైదరాబాద్‌ల జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పిచ్చిండు. ఆయన గూడ జోగిని ఆచారం వద్దన్నోడే. ఉపన్యాసం పెడితే ముందు వరుసల లీడర్లు, వెనక ఖాళీ కుర్చీలు. డప్పు కొడితే ఊరంత వస్తది. తప్పును చూపియ్యకుండ తప్పని ఎట్ల చెప్తరు? డ్యాన్స్ ఉండాలె.

నీలి_కొంగు
మల్లన్నా, పాట వద్దని ఎవరూ అనలేదు. మాది పాలమూరు వైపు. మా దగ్గర జాతరలో జోగిని ఆటంటే మగవాళ్లకు తమాషా. చుట్టూ చేరి ఈలలు వేసేవాళ్లు. అదే ఆటను స్టేజీ ఎక్కిస్తే చూసే కళ్లు మారిపోతాయా? మొదటి చరణానికి పది ఫోన్లు లేస్తాయి. దండ తీసే చరణం వచ్చేసరికి అందరూ ఫోన్లు జేబులో పెట్టేసుకుంటారు. మర్నాడు రీల్‌గా తిరిగేది ఏ చరణమో నేను చెప్పక్కర్లేదు.

మా అమ్మమ్మ చెల్లెలు జోగిని. మంగళవారం, శుక్రవారం గంప పట్టుకుని ఐదిళ్లు జోగు, అంటే భిక్ష, అడిగేది. ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా పోతే శవం ముందు ఆడాలి. అలా ఆడి వచ్చిన రోజు తపేలాలో వేడినీళ్లు పోసుకుని, కాళ్లు అందులో పెట్టి గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరు పలకరించినా పలికేది కాదు. నీళ్లు చల్లారిపోయినా లేచేది కాదు. ఆ నీళ్ల తపేలా మీ డ్యాన్స్‌లో ఎక్కడుంది?

వినుకొండ_బాబాయ్
అమ్మాయ్, నీ బాధ అర్థమైంది. కానీ వేషమే కట్టకూడదంటే నేను ఒప్పుకోను. 2023లో స్టువర్టుపురం దొంగ మీద రవితేజ సినిమా వచ్చింది కదా, అందులో రేణు దేశాయ్ వేసింది హేమలత గారి పాత్రే. థియేటర్లో నా పక్క సీటు కుర్రాడు "ఈవిడ నిజంగా ఉండేవారా అంకుల్?" అని అడిగాడు. ఆ ప్రశ్న పుట్టడానికి ఒక మాస్ సినిమా కావాల్సి వచ్చింది, అదీ ఒక దొంగ కథలో పక్క పాత్రగా. మాకు, సొంత ఊరివాళ్లకే సిగ్గుచేటు.

ఇంకోటి. అక్షరం ముక్క రానివాళ్ల నోట కూడా జాషువా పద్యాలు ఆడాయంటే సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పుణ్యమే. తెల్లవార్లూ ఆ సీను కోసం కూర్చునేవాళ్లం, పద్యానికి వన్స్‌మోర్లు. తండ్రికి పనికొచ్చిన స్టేజీ కూతురికి పనికిరాదా?

నీలి_కొంగు
బాబాయ్ గారూ, హరిశ్చంద్రుడి వేషం కట్టినవాణ్ని మర్నాడు ఎవరూ కాటికాపరి అని పిలవరు. జోగిని వేషం కట్టిన పిల్లను మర్నాడు బడిలో ఏమని పిలుస్తారో ఒకసారి ఆలోచించండి. అసలు ఆ వేషానికి ఏ వాడ పిల్లను తీసుకున్నారు? మంజీర_గట్టు, నువ్వే చెప్పు.

మంజీర_గట్టు
...మా వాడ పిల్లనే అక్కా. "ఆమెకైతే స్టెప్పులు బాగా వస్తాయి" అన్నారు. ఖద్దరు చీర పాత్ర ఊళ్లో ఇంకో పిల్లది. నువ్వు అడిగేదాకా నాకు తట్టలేదు.

కృతి_కీర్తన
నా మాట కొందరికి నచ్చదు. మద్రాసులో ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ ఆచారం రద్దు చేసే బిల్లు తెచ్చినప్పుడు, దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఎదురు నిలిచారు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన మనిషి ఆమె. ఆచారంతో పాటు విద్య కూడా పోతుందని ఆ తరం కళావంతులు భయపడ్డారు. ఇప్పుడు డ్యాన్సే వద్దంటే అదే తప్పు మళ్లీ చేస్తున్నామేమో?

నీలి_కొంగు
నాగరత్నమ్మ గారికి దండం. ఆమె చేతిలో సంగీతం ఉంది, ఆస్తి ఉంది, కోర్టుకెళ్లే గొంతు ఉంది. మా అమ్మమ్మ చెల్లెలి చేతిలో గంప ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దండీ.

పెద్ద_బండ
అసలు ఆంధ్ర నుంచి వచ్చినామెకు మనం ఎందుకు చెయ్యాలె? మనోళ్లు లేరా?

డప్పుల_మల్లన్న
ఉన్నరు, పైన చెప్పిన గద, భాగ్యరెడ్డి వర్మ. మే 22 ఆయన జయంతి. చందా రాయి, ఆయనది గూడ చేద్దాం. నీకు ఎంత రాసుకోమంటవ్?

రిటైర్డ్_బడిపంతులు
ముందొక చిన్న విషయం. జ్యోతి ప్రజ్వలన, సరస్వతీ ప్రార్థన పెట్టి నవ్వులపాలు కాకండి. హేమలత గారు నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కోడలు, నాస్తికుల ఇల్లు. భర్త ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టాడని ఆయనకు లవణం అని పేరు పెట్టిన కుటుంబం అది.

అసలు విషయానికొస్తా. ముప్పై ఏళ్లు అడ్మిషన్ రిజిస్టరు రాశాను. జూన్‌లో పిల్లల్ని తీసుకొచ్చే తల్లుల్లో జోగినులు ఉండేవారు. పిల్ల పేరు, పుట్టినతేదీ రాసేదాకా బాగానే సాగేది. తండ్రి పేరు గడి దగ్గర నా పెన్ను ఆగేది. ఆ తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, కొన్నిసార్లు స్కూలు కమిటీలోనే ఉండేవాడు. ఒకామె తల ఎత్తకుండా "ఎల్లమ్మ అని రాయండి సార్" అంది. నేను రాశాను. ఇంకేం రాయాలో నాకూ తెలియలేదు.

మీ ఫిల్మ్‌లో ఆ గడి చూపించండి. దండ, పసుపు, జాతర ఏవీ అక్కర్లేదు, ఒక పెన్ను ఆగిపోతే చాలు. సభ రోజున స్టేజీ పక్కనే ఒక టేబుల్ వేసి, సర్టిఫికెట్లకు, పెన్షన్‌కు దరఖాస్తులు రాసిపెట్టే ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. నేనూ వస్తాను, నా చేతిరాత ఇంకా బాగానే ఉంది.

వీడియో_ఎడిటర్_నిజాంబాద్
ఫిల్మ్ షూట్ చేసింది నేనే. దండ వేసే సీన్ మూడు నిమిషాలుంది, తీసేస్తా. నిజం చెప్పాలంటే యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ కోసమే దాన్ని అంత సాగదీశా. రిజిస్టరు సీన్‌కి పాత టేబుల్ ఒకటి కావాలి.

వినుకొండ_బాబాయ్
పంతులు గారు చెప్పింది చదివాక నా కాటి సీను పోలిక వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదులే, సగం. పాట మాత్రం ఉండాల్సిందే.

మంజీర_గట్టు
ఒక మాట మొదట్లో రాయలేదు. మా చిన్నమ్మ కూడా చెల్లి నిలయం మెట్లెక్కిన మనిషే. రాత్రి ఈ పోస్టులన్నీ ఆమెకు చదివి వినిపించా. డ్యాన్స్ తీసేస్తున్నామని చెప్పా. "డప్పు కొట్టండి, పాట పాడండి. నన్ను మాత్రం స్టేజీ మీదకు పిలవొద్దు, శాలువా కప్పొద్దు. కింద కూసుంట" అంది. దరఖాస్తుల టేబుల్ దగ్గరకు ఇంకో నలుగురిని తీసుకొస్తానంది.

పాట విషయంలో ఒక్కటే అడిగింది. 'జోగిని' అని వచ్చిన చోటల్లా ఆ మాట తీసి 'చెల్లె' అని పెట్టమంది. మల్లన్నా, కుదురుతుందా?

డప్పుల_మల్లన్న
'చెల్లె' అంటే ఒక మాత్ర తక్కువైతది, దెబ్బ తప్పుతది. 'చెల్లెలు' అంటే సరిగ్గ కూసుంటది. పల్లవిల మూడు చోట్ల, చరణంల రెండు చోట్ల మార్చాలె. రాత్రి డప్పు మీద పాడి ఆడియో పెడ్త, చిన్నమ్మకు వినిపియ్యి.