ఇంట్లో తెలుగు మానేస్తే పిల్లలకు ఇంగ్లీషు బాగా వస్తుందా?

బెజవాడ అమ్మ:
మా పాప మూడో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ గట్టిగానే చెప్పారు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అని. పాప రాసినవి చూపించారు: ‘టూ పెన్సిల్స్ ఆర్ దేర్ టు మీ’, ‘హెడేక్ ఈజ్ కమింగ్’. ఇది తెలుగే కదా అని ఆవిడ అంటే కాదనలేకపోయాను. మా అత్తయ్యగారికి తెలుగు తప్ప రాదు. పాప ఆవిడతో మాట్లాడటం మానేయాలా? నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఒకటే టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

మియాపూర్ కోడర్:
టీచర్ చెప్పింది నిజమేనండీ. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. గ్రామర్ తెలుసు, మార్కులూ వచ్చాయి. క్లయింట్ కాల్‌లో మాత్రం ముందు తెలుగు వాక్యం తయారవుతుంది. మనకు క్రియ చివర, వాళ్లకు కర్త పక్కన. దాన్ని తిరగేసుకుని నోరు విప్పేలోపు అవతలివాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతారు. మీ పాపకు ఈ బాధ వద్దు. చిన్నప్పటి నుంచే ఇంగ్లీషు అలవాటు చేయండి.

తెనాలి మాస్టారు:
హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా, ఆ రెండు వాక్యాల్లో తెలుగు ఉన్న మాట నిజం. మనకు ఆకలి వేస్తుంది, తలనొప్పి వస్తుంది, పెన్సిళ్లు ‘నాకు ఉన్నాయి’. ఇంగ్లీషువాళ్లు వీటిలో చాలావాటికి ‘హ్యావ్’ వాడతారు. ఏ, ది లాంటి ఆర్టికల్స్ మనకు లేవు కాబట్టి ‘ఐ వెంట్ టు షాప్’ అంటాం. వి, డబ్ల్యూ రెండూ మన నోట్లో ‘వ’ అయిపోతాయి.

రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే నేర్చుకునేవాళ్లకు ఎక్కడ కష్టమో ముందే చెప్పొచ్చని 1957లో రాబర్ట్ లాడో అనే అమెరికా భాషావేత్త రాశాడు. చాలాకాలం అదే నమ్మారు. తీరా పిల్లల తప్పుల్ని పోగేసి చూస్తే అంత సూటిగా లేదు. మన పిల్లలు ‘వెంట్’, ‘ఏట్’ అనాల్సిన చోట ‘గోడ్’, ‘ఈటెడ్’ అంటారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలూ చిన్నప్పుడు అదే అంటారు. ఇందులో తెలుగేముంది? దొరికిన రూల్‌ని అన్నిటికీ వాడేస్తున్నారంతే. తప్పుల్ని బట్టి పిల్లవాడు ఏ దశలో ఉన్నాడో తెలుస్తుందని 1967లో పిట్ కార్డర్ అనే బ్రిటన్ భాషావేత్త చెప్పింది ఇందుకే. ‘ఐ యామ్ నోయింగ్’ని కూడా తెలుగు ఖాతాలో వేస్తారు. మనం అనేది ‘నాకు తెలుసు’ అనే కదా! పాప నోట్‌బుక్ మొత్తం తెప్పించి చూడండి. ఎన్ని తప్పులు తెలుగు వల్ల వచ్చాయో, ఎన్ని కాదో మీకే తెలుస్తుంది.

అసలు సంగతి ఇంకోటుంది. మీ ఇంగ్లీషు అంతంతమాత్రం అన్నారు. అలాంటప్పుడు ఇంట్లో పాప వినేది కూడా ఆ తెలుగు ఇంగ్లీషే. ‘టు మీ’ పోకపోగా ఇంకా గట్టిపడుతుంది. పైగా ఇంగ్లీషులో మీరు ఆ పిల్లతో ఎంతసేపు మాట్లాడగలరు? ‘ఈట్’, ‘కమ్’, ‘డోంట్ డు దట్’తో ఆగిపోతారు. నాయనమ్మ దగ్గరైతే కథ వింటుంది, ఎందుకలా అయిందని అడుగుతుంది, విన్నది సొంత మాటల్లో మళ్లీ చెబుతుంది. ఒక భాషలో వచ్చిన ఈ చదువు రెండో భాషకూ పనికొస్తుందని రెండు భాషల పిల్లల చదువుపై పరిశోధించిన జిమ్ కమిన్స్ 1979లో వాదించాడు. నేను క్లాసులో చూసిందీ అదే. తెలుగులో కథ చక్కగా చెప్పే పిల్లలకు ఇంగ్లీషులో మాటలు నేర్పితే సరిపోయేది. ఏ భాషలోనూ చెప్పలేని పిల్లలతోనే కష్టం.

డాలస్ పిన్ని:
మా దగ్గర కథ తిరగబడిందండీ. మావాడు ఇక్కడే పుట్టాడు, ‘నాకు ఆకలేస్తోంది’ అనడు, ‘నేను ఆకలిగా ఉన్నాను’ అంటాడు. ఇంటికొచ్చిన వాళ్లతో ‘మనం నిన్న బీచ్‌కి వెళ్లాం’ అంటాడు, వాళ్లు రాకపోయినా. ఇంగ్లీషులో రెండిటికీ ‘వుయ్’ ఒక్కటే కాబట్టి మేము, మనం తేడా వాడికి పట్టుబడలేదు. ఏ భాష బలంగా ఉంటే అది రెండోదాన్ని లాగుతుంది. మీ పాపకు బడి అంతా ఇంగ్లీషే. ఇంట్లోనూ తెలుగు తీసేస్తే రేపు నాయనమ్మతో ఇలాగే మాట్లాడుతుంది. నాకు రోజూ కనిపిస్తున్న బాధ ఇది.

మియాపూర్ కోడర్:
మాస్టారూ, ఒక్క మాట. ఆంధ్రాలో సర్కారు బడుల్ని ఇంగ్లీషు మీడియం చేస్తామని 2019లో జీవో ఇచ్చినప్పుడు తెలుగు, తెలుగు అన్న పెద్దవాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదివారు? 2020లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేస్తే సంతోషించినవాళ్లను నా ఇంటర్వ్యూలో కూర్చోబెట్టాలి.

తెనాలి మాస్టారు:
బాబూ, నీ ప్రశ్న న్యాయమైనదే. పేదపిల్లలకు ఇంగ్లీషు అందాల్సిందే. మీడియం గొడవ వేరు, ఇంట్లో నాయనమ్మ భాష వేరు. నీ ఇబ్బందికి కారణం తెలుగు ఒక్కటే కాదు. బడిలో ఇంగ్లీషు చదివించారు, రాయించారు, మాట్లాడించలేదు. హైదరాబాద్‌లో ఉన్నావు, హిందీ ఎలా వచ్చింది? వీధిలో మాట్లాడి. అక్కడ తెలుగు సాయం కూడా చేసింది, హిందీలోనూ క్రియ చివరే కాబట్టి. ‘కితాబ్’ ఆడో మగో దగ్గర తడబడి ఉంటావు, అయినా మాట్లాడటం ఆపలేదు కదా.

మియాపూర్ కోడర్:
హిందీ విషయం ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషు మాట్లాడే వీధి మాకెక్కడుంది మాస్టారూ? అందుకే ఇల్లైనా ఉండాలంటున్నా.

బెజవాడ అమ్మ:
అత్తయ్యగారితో తెలుగు ఆపను. ఇంగ్లీషు కథల ఆడియో రోజూ కాసేపు వినిపిస్తాను, విన్న కథ నాయనమ్మకి తెలుగులో చెప్పమంటాను. నోట్‌బుక్ కూడా అడుగుతాను. మాస్టారూ, ‘టు మీ’ అన్నప్పుడల్లా సరిదిద్దాలా?

తెనాలి మాస్టారు:
మాట్లాడుతుంటే మధ్యలో ఆపకండి. ‘ఓ, యూ హ్యావ్ టూ పెన్సిల్స్!’ అని సరైన వాక్యం మీరు అనేసి ముందుకు వెళ్లండి. రాతలో మాత్రం తెలుగు వాక్యం, ఇంగ్లీషు వాక్యం ఒకదాని కింద ఒకటి రాయించి, తేడా పాపనే కనుక్కోమనండి.